లైను పోతే మోగే ఫోను

మొన్న నా ఫోను ఛార్జింగ్ పిన్ను పాడైతే కూకట్‌పల్లిలో ఒక చిన్న రిపేరు కొట్టుకి వెళ్ళాను. కుర్రాడు సోల్డరింగ్ ఐరన్ మొన పేస్టు డబ్బాలో ముంచాడు. చుయ్యిమని సన్నటి పొగ లేచింది. ఆ వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో! ఇంటికొచ్చేదాకా తెనాలి గంగానమ్మపేటలోని మా కేబుల్ టీవీ కంట్రోల్ రూమే కళ్ళముందు తిరిగింది.

కంట్రోల్ రూమ్ అంటే ఏదో అనుకునేరు. మేడ మీద రేకుల షెడ్డు. బయట డిష్షులు, లోపల ఇనప ర్యాకులో రిసీవర్లు, మాడ్యులేటర్లు, ఒక వీసీఆర్, బుల్లి బ్లాక్ అండ్ వైట్ మానిటర్. ఎండాకాలంలో మేం ఉడికిపోయినా సరే, ఫ్యాను మాత్రం మిషన్లవైపే తిరగాలి. మూల స్టూలు మీద ల్యాండ్‌లైన్ ఫోను. డిగ్రీ అయిపోయి ఏ ఉద్యోగమూ దొరక్క నేను అక్కడ చేరాను. స్తంభాలెక్కడం, వైరు చెక్కి పిన్నులు కొట్టడం, నెల మొదట్లో కార్డుల కట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి బిల్లు వసూలు చెయ్యడం. మాకు పేర్లుండేవి కావు. "కేబులబ్బాయొచ్చాడు" అనేవాళ్ళు, అంతే.

ఇప్పుడు పెళ్ళిలో కలిసినా, ఆఫీసు క్యాంటీన్‌లో కలిసినా అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏదన్నా మంచి సిరీస్ ఉంటే చెప్పండి." నేను విమర్శకుణ్ణి కాదు. ఏది చూడదగ్గదో ఏది కాదో నాకు తెలిసిందల్లా ఆ స్టూలు మీది ఫోను నేర్పిందే.

* * *

కొత్త కనెక్షన్ ఇచ్చినరోజు అసలు పని వైరు లాగడం కాదు, టీవీ ట్యూన్ చెయ్యడం. అప్పటికి రిమోట్ టీవీలు వచ్చేశాయి గానీ, చాలా ఇళ్ళల్లో ఇంకా పాత డయనోరాలూ, సాలిడేర్లూ, ఈసీ టీవీలే ఉండేవి. ముందువైపు ఒక చిన్న ప్లాస్టిక్ తలుపు. గోటితో లాగితే ఊడొచ్చేది. లోపల వరసగా బుల్లి చక్రాలు, ఒక్కోదాని పక్కన బ్యాండ్ మార్చే మీట. ప్లాస్టిక్ పుల్లతో చక్రం తిప్పుతూ ఉంటే ముందు చుక్కలు, తర్వాత గీతలు, ఆ గీతల్లోంచి ఎవరో మనిషి మొహం. కొంచెం ఎక్కువ తిప్పితే బొమ్మ ఉండి మాట పోయేది. తక్కువ తిప్పితే మాట ఉండి బొమ్మ ఊగేది. రెండూ కుదిరే చోటు వెంట్రుకవాసి. అక్కడ ఊపిరి బిగబట్టి చెయ్యి తీసెయ్యాలి.

ఆ చక్రాలు చాలా టీవీల్లో ఎనిమిదే. మేమిచ్చే ఛానెళ్ళు అంతకంటే ఎక్కువ. అందుకని పుల్ల చేత్తో పట్టుకుని అడిగేవాణ్ణి, "ఏవి పెట్టమంటారండీ?" అని. ఇక చూడాలి. దూరదర్శన్, ఈటీవీ, జెమినీ దగ్గర గొడవుండేది కాదు. నాలుగో చక్రం నుంచి మొదలయ్యేది పంచాయితీ. పెద్దాయనకి వార్తలు కావాలి. కొడుక్కి క్రికెట్ కావాలి. పిల్లలు కార్టూన్ నెట్‌వర్క్ అని మంచం మీద ఎగిరేవాళ్ళు. "ఇంగ్లీషు సినిమాలది ఒకటి పెట్టు బాబూ, పిల్లలకి భాష పట్టుబడుద్ది" అని ఇంటాయన అంటే, ఆవిడ ఆయన వంక ఒక చూపు చూసేది. ఏడో చక్రం దగ్గరే నాకు ఆ కుటుంబం సంగతంతా తెలిసిపోయేది.

ఇతానగర్‌లో ఒక ఇంట్లో ఇదంతా అయ్యాక, మంచినీళ్ళిచ్చిన కోడలు మెల్లిగా అడిగింది. "అన్నయ్యా, ఆ ఎనిమిదోది జీ టీవీ పెడతారా? హమ్ పాంచ్ వస్తుంది." ఆ అమ్మాయి భివండీలో పుట్టి పెరిగిందట, మగ్గాల పనికి వెళ్ళిన కుటుంబం. ఆ ఇంట్లో ఎవరికీ హిందీ రాదు. అందులో ఏముందమ్మా అన్నాను. "ఒకాయనకి ఐదుగురు ఆడపిల్లలు. మొదటి పెళ్ళాం చచ్చిపోయింది. గోడ మీద ఫోటోలోంచి ఆయన్ని వాయిస్తా ఉంటుంది" అని చెబుతూనే నవ్వేసింది. అత్తగారు కూడా నవ్వింది. పెట్టేశాను. తర్వాత బిల్లుకి వెళ్ళినప్పుడు చూస్తే, అత్తగారు ముందు కూర్చుని ఉంది, కోడలు పక్కనుంచి తెలుగులో చెబుతోంది. విద్యాబాలన్ అనే అమ్మాయి అందులో కళ్ళజోడు పెట్టుకుని ఒక కూతురుగా కనిపించేది. ఇంత పెద్ద నటి అవుతుందని అప్పుడు మాకేం తెలుసు.

* * *

ఇక ఫోను సంగతి. తెనాలి చుట్టూ పొలాలే. వరి నూర్చాక గడ్డి లారీలు ఊళ్ళోంచి పోయేవి. లారీ కంటే గడ్డి రెండింతలు వెడల్పు, రెండింతలు ఎత్తు. రోడ్డుకి అడ్డంగా కట్టిన మా వైరుని తగిలించుకుని పోయేది. డ్రైవరుకి తెలియను కూడా తెలియదు. ఇవతల రెండు పేటలకి బొమ్మ పోయేది. కోతులు, ఉడతలు, వానాకాలం పిడుగులు, లైనులో సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్‌కి కరెంటిచ్చే ఇంటివాళ్ళు ఊరెళ్తూ మెయిన్ ఆపేయడం ఇవన్నీ మామూలే. లైను పోయిన నిమిషంలో ఫోను మోగడం మొదలు.

అయితే అన్ని వేళలా ఒకేలా మోగేది కాదు. పొద్దున్న భక్తి పాటల టైములో పోతే ఒకటో రెండో. మధ్యాహ్నం సినిమా టైములో పోతే, "ఎప్పుడొస్తదయ్యా" అని నింపాదిగా అడిగేవాళ్ళు. ఎట్లాగూ చూసిన సినిమాయే. కొన్ని టైముల్లో మాత్రం రిసీవర్ పెట్టేలోపు మళ్ళీ మోగేది.

2001 నవంబరులో జెమినీలో అమృతం మొదలైంది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి. గుణ్ణం గంగరాజు గారు తీశారు. పక్కపక్క వాటాల్లో రెండు జంటలు, అమృత విలాస్ అని ఒక హోటలు, సర్వం అనే సర్వరు, అద్దె కోసం ప్రాణం తీసే అప్పాజీ. ఏదో ఒకటి చేసి పైకొచ్చేద్దామని అమృతం ప్లాను వెయ్యడం, ఆంజనేయులు వెంట నడవడం, అది కాస్తా బోర్లా పడటం. అంతే కథ. ఒక ఆదివారం సరిగ్గా ఆ టైటిల్ పాట మొదలయ్యే ముందు గడ్డి లారీ కొత్తపేట లైను లాక్కుపోయింది. ఇద్దరం నిచ్చెన, టార్చి పట్టుకుని పరిగెత్తాం. అతుకేసి, ముగించుకుని తిరిగొచ్చి చూస్తే షెడ్డు నిండా జనం. బ్యాంకు ఆఫీసరు గారు లుంగీ మీదే స్కూటరేసుకుని వచ్చేశారు. ఆయన వెనక ఇద్దరు పిల్లలు. పక్కింటివాళ్ళు. మా ఓనరు గారు కుర్చీ ఇచ్చేసి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అందరూ ఆ అరచెయ్యంత మానిటర్ వైపు వంగి చూస్తున్నారు. "తెగింది కింద కదయ్యా, పైన బొమ్మ వస్తది కదా, అందుకే వచ్చేశా" అన్నారు ఆఫీసరు గారు తల తిప్పకుండా.

అమృతం వేషం ముందు శివాజీరాజా వేశారు, తర్వాత నరేష్ వచ్చారు, తర్వాత హర్షవర్ధన్. మనిషి మారినప్పుడల్లా ఆ కేకలు మాకే పడేవి. "ఇదేంటి బాబూ, అమృతాన్ని మార్చేశారు?" అని బిల్లు పుస్తకం ముందు నన్ను నిలబెట్టి అడిగినవాళ్ళున్నారు. నేనేదో మార్చినట్టు! ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాత్రం అలాగే ఉన్నారు. ఆయన బెజవాడ మనిషి. ఆ విసుగు, ఆ భయం, ఆ "ఎందుకొచ్చిన గొడవరా" అనే మొహం మా బజారులో రోజూ చూసే మొహమే. 2018లో ఆయన పోయారని తెలిసినరోజు రాత్రి యూట్యూబ్‌లో వరసపెట్టి అమృతం చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ ఎవరన్నా తెలుగులో మంచి సిరీస్ చెప్పమంటే నా మొదటి మాట అదే. మధ్యలోంచి మొదలెట్టినా ఫరవాలేదు. ఏ వారం కథ ఆ వారానికి పూర్తవుతుంది. కథ పూర్తి చెయ్యడం అంత తేలికేం కాదు. అది తెలియనివాళ్ళు తీసిన సీరియళ్ళ గురించి ఇప్పుడు చెబుతాను.

* * *

డైలీ సీరియళ్ళని చిన్నచూపు చూసేవాళ్ళంటే నాకు పడదు. దూరదర్శన్‌లో ఋతురాగాలు వచ్చే టైముకి మారీసుపేటలో వీధి కుళాయి దగ్గర బిందె ఉండేది, మనిషి ఉండేది కాదు. ఈటీవీలో అంతరంగాలు అంతే. ఆ టైటిల్ పాట ఒక ఇంటి కిటికీలోంచి మొదలైతే, నేను సైకిలు తొక్కుతూ వీధి చివరికి పోయేసరికి ఇంకో కిటికీలో పూర్తయ్యేది. మధ్యలో ఒక్క ముక్క కూడా పోయేది కాదు.

బిల్లు వసూలుకి మంచి టైము అదే. మామూలప్పుడు వెళ్తే, "పోయిన నెల బొమ్మ సరిగ్గా రాలేదు, పది తగ్గించుకో" అని బేరం. సీరియల్ టైములో వెళ్తే టీవీ మీంచి కళ్ళు తీయకుండా వంద కాయితం చేతిలో పెట్టి పంపించేసేవాళ్ళు. మా ఓనరు గారికి ఈ కిటుకు తెలుసు. పేటల వారీగా ఏ టైముకి ఎటు వెళ్ళాలో ఆయనే రాసిచ్చేవాడు.

తమిళంలో రాధిక చిత్తి అని తీసిన సీరియల్ జెమినీలో పిన్ని అని తెలుగులో వచ్చింది. దాని టైములో లైను పోతే ఫోను మోగడం కాదు, మనుషులే వచ్చేవాళ్ళు. చెంచుపేటలో ఒక మామ్మగారుండేది. కళ్ళకి శుక్లాలు. టీవీ ముందు కూర్చుని వినేది. ఒకసారి రాత్రి కరెంటు పోయి ఊరంతా చీకటి. మర్నాడు బిల్లుకి వెళ్తే తలుపు దగ్గరే ఆపేసింది. "నిన్నటి పిన్ని చెప్పి డబ్బులు పట్టికెళ్ళు." కరెంటు పోయింది కదా మామ్మగారూ, నేనూ చూళ్ళేదంటే, "మీ డబ్బా దగ్గర బ్యాటరీ ఉంటది గదా" అంది. నిజమే, కంట్రోల్ రూమ్‌లో ఇన్వర్టర్ ఉంది. నిజంగానే చూశాను. అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పాను. మధ్యలో, "అది అట్లా అన్నదా? దాని నోరు పడ!" అంటూ ఊకొట్టింది. డబ్బులతోపాటు రెండు సున్నుండలు కూడా పెట్టింది.

మంచి కథకి అదే గుర్తు అనిపిస్తుంది నాకు. ఒకరోజు పోతే ఇంకొకరు చెప్పడానికి అందులో ఏదో ఒకటి జరిగి ఉండాలి. చాలా డైలీలు మొదట్లో అలాగే ఉండేవి. మంజులా నాయుడు గారి చక్రవాకం, మొగలిరేకులు మొదలైన కొత్తల్లో ఆ మనుషులు మన పక్కవీధిలో ఉన్నట్టే ఉండేవాళ్ళు. ఇక్బాల్ గురించి, ఆర్కే నాయుడు గురించి చుట్టాల గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. రానురాను డైలీలన్నీ సాగాయి. ఒక మాట అనడం, దానికి నలుగురి మొహాలు మూడేసి సార్లు చూపించడం, ఉరుము, రేపు చూడండి. వారం రోజులు లైను పోయినా తర్వాత రోజు, "ఏం కాలేదులే, ఇంకా ఆ పెళ్ళి పీటల మీదే ఉన్నారు" అనేవాళ్ళు. ఫోను మాత్రం మోగేది. అలవాటు కదా. కానీ బొమ్మ రాగానే ఎవరూ, "నిన్న ఏమైంది?" అని అడిగేవాళ్ళు కాదు. ఆ తేడా నేను అక్కడ ఫోను ఎత్తి ఎత్తి కనిపెట్టాను.

* * *

ఎక్కువ ఫోన్లు వస్తేనే మంచిదని లెక్కేస్తే ఒకాయనకి అన్యాయం చేసినట్టే. రిటైరైన హిందీ పండితులు, నాజరుపేట. ఒకే ఒక్క ఫోను ఆయనది. దూరదర్శన్ వాళ్ళు భారత్ ఏక్ ఖోజ్ మళ్ళీ వేస్తున్న రోజుల్లో, బొమ్మలో కాస్త గీతలొచ్చినా చాలు, "నాయనా, నీకు శ్రమ ఇస్తున్నాను" అంటూ మొదలెట్టేవారు. ఆ మర్యాదకే మేం ముందు వాళ్ళ లైను చూసేవాళ్ళం.

ఒకసారి స్తంభం దిగి లోపలికెళ్తే నన్ను కూర్చోబెట్టుకున్నారు. శ్యామ్ బెనగల్ తీసిన సీరియల్, 53 భాగాలు, 1988లో మొదటిసారి వచ్చింది. నెహ్రూ పుస్తకం ఆధారం. రోషన్ సేఠ్ నెహ్రూగా తెర మీదికొచ్చి చెబుతుంటారు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తంతో మొదలవుతుంది, వనరాజ్ భాటియా సంగీతం. ఆ బృందగానం వినగానే నాకు వెన్ను జలదరించింది. మాస్టారు నన్ను చూసి నవ్వి, "చూడు, ఈ ఓం పురీ ఉన్నాడే, దుర్యోధనుడూ వీడే, అశోకుడూ వీడే, ఔరంగజేబూ వీడే. మీసం మార్చలేదయ్యా, మనిషే మారాడు" అన్నారు. నా హిందీ అంతంతమాత్రం. ఆయన తెలుగులో ఒక్కో ముక్క చెబుతుంటే ఆ పూట ఇంకెక్కడికీ వెళ్ళలేదు. చరిత్ర మీద వచ్చిన సీరియళ్ళలో సెట్టింగులు దానికంటే గొప్పవి తర్వాత చాలా వచ్చాయి. ఆలోచన మాత్రం అంత నిండుగా మళ్ళీ కనపడలేదు. ఓపికున్నవాళ్ళకి తప్పకుండా చెబుతాను. రోజుకి రెండు చొప్పున మింగేద్దామని మాత్రం చూడకండి. వారానికొకటి చాలు.

ఆయన దగ్గరే మాల్గుడి డేస్ మళ్ళీ చూశాను. మొదట చూసింది చిన్నప్పుడు, రామాయణం వచ్చిన 1987లోనే. (రామాయణం ఆదివారాల గురించి, టీవీకి వేసిన దండల గురించి అందరూ రాశారు కాబట్టి నేను రాయను.) మా వీధిలో టీవీ ఉన్న ఒకే ఇంట్లో, గడప ఇవతల కూర్చుని. ఒక్క ముక్క హిందీ రాదు. అయినా అందులో స్వామి అనే కుర్రాడు బడికి వెళ్ళనని కడుపునొప్పి మొహం పెడితే మాకు అర్థం కాకపోవడమేముంది? అది మా వేషమే. శంకర్ నాగ్ దాన్ని కర్ణాటకలో ఆగుంబెలో తీశాడు. మొదట్లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు, వెనక ఎల్. వైద్యనాథన్ బాణీ. 1990లో రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి శంకర్ నాగ్‌కి 36 ఏళ్ళు కూడా నిండలేదని మాస్టారు చెబితే చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాను. పిల్లలకి మొదటి సిరీస్ ఏది చూపించాలి అని అడిగితే ఇంకో ఆలోచన లేకుండా ఇదే చెప్పండి.

అపరాధ పరిశోధనల పిచ్చి ఉన్నవాళ్ళకి బాసు ఛటర్జీ తీసిన వ్యోమకేశ్ బక్షీ. రజిత్ కపూర్ ధోతీ కట్టుకుని, తుపాకీ గోల లేకుండా, కూర్చుని ఆలోచిస్తాడు. మనమూ ఆలోచిస్తాం. ఇప్పటి క్రైమ్ సిరీస్‌లలో చూపించే రక్తం సగం తగ్గించి, ఆ ఆలోచన పావువంతు పెంచినా బాగుండును.

* * *

తర్వాత డీటీహెచ్ గొడుగులు వచ్చాయి. సెట్‌టాప్ బాక్సులొచ్చాయి. ఎవరికివాళ్ళు ప్యాకేజీలు. నేను అప్పటికే హైదరాబాదు వచ్చేసి వేరే పనిలో పడ్డాను. మా ఓనరు గారు కనెక్షన్లు పెద్ద కంపెనీకి అమ్మేసి, కొన్నాళ్ళు ఖాళీగా కూర్చుని, పోయారు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు పెంట్‌హౌస్ కట్టారట.

ఇప్పుడు లైను పోవడమన్నది లేదు. పోయినా ఏ ఎపిసోడూ పోదు. ఆపినచోట ఆగి ఉంటుంది. హాయే. అయినా నేను కొత్త సిరీస్ చూసేటప్పుడు ఆ పాత లెక్కే వేస్తాను. ఇది నడుస్తుండగా వైరు తెగితే ఫోను చేస్తానా? బొమ్మ వచ్చాక, పోయిన ముక్క ఎవరినన్నా అడుగుతానా?

జీ5లో లూజర్ సిరీస్‌కి ఫోను చేస్తాను. మూడు కాలాల్లో ముగ్గురు ఆటగాళ్ళు, క్రికెట్, బ్యాడ్మింటన్, రైఫిల్ షూటింగ్. ఊళ్ళల్లో ఆట మీద ప్రాణం పెట్టుకున్న కుర్రాళ్ళని చూసినవాణ్ణి, ప్రియదర్శి ఆ రైఫిల్ పట్టుకున్నప్పుడు గొంతులో ఏదో అడ్డుపడింది. ఆహాలో కుడి ఎడమైతే. ఒక పోలీసమ్మాయికీ, ఒక డెలివరీ కుర్రాడికీ ఒకే రోజు మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. అందులో ఒక్క పది నిమిషాలు పోయినా పక్కవాణ్ణి అడగాల్సిందే. హిందీలో పంచాయత్ మొదటి రెండు సీజన్లకీ కళ్ళు మూసుకుని ఓటేస్తాను. ఆ తర్వాత రాజకీయం ఎక్కువై, ఆ పల్లెటూరి సొరకాయ పాదు నెమ్మది తగ్గిందని నాకనిపించింది. చాలామంది ఒప్పుకోరు. ఇక, మొదటి ఎపిసోడ్‌లోనే మూడు హత్యలు, నాలుగు బూతులు ఉంటే "సీరియస్" అనుకునే బాపతు సిరీస్‌లు చాలా వదిలేశాను. వాటికి వైరు తెగితే నిద్రపోతాను.

మా అమ్మ తెనాలిలోనే ఉంటుంది. పోయినసారి వెళ్ళినప్పుడు ఈటీవీ విన్‌లో 90స్ అనే సిరీస్ పెట్టి చూపించాను. అందులో నటుడు శివాజీ లెక్కల మాస్టారు. తను సర్కారు బళ్ళో చెబుతూ పిల్లల్ని ప్రైవేటు స్కూల్లో వేసి, రూపాయి రూపాయి లెక్కేసుకునే తండ్రి. అమ్మ నడుం వాల్చకుండా చూసింది. ఆ ఉప్మా గొడవకి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. చివర్లో ఊరుకుంది. పేర్లు పడుతుంటే నావైపు తిరిగి, "బాగుందిరా. రేపు ఎన్నింటికి?" అంది.

"రేపు లేదమ్మా. అయిపోయింది. ఆరే ఎపిసోడ్లు."

"ఆరింటికే అయిపోతే అదేం సీరియల్‌రా? ఇంకా పిల్లల పెళ్ళిళ్ళే కాలేదు!"

అందుకని అమృతం మొదట్నించీ పెట్టి, రిమోట్‌లో ఏది నొక్కాలో కాయితం మీద రాసిచ్చి వచ్చాను. మూడొందల పైచిలుకు ఎపిసోడ్లు, కొన్నాళ్ళపాటు దిగులు లేదనుకున్నాను. నిన్న రాత్రి ఫోను. ఏమైందోనని కంగారుగా ఎత్తాను.

"ఒరే, ఈ అమృతం ఎవర్రా? మొన్నటిదాకా ఉన్నవాడు ఏమయ్యాడు?"